పంట, తోట, బీడు: ఊరి బయటి సంపాదన చెట్ల పెంపకాన్ని ఎలా మారుస్తుంది?

పక్కపక్కనే ఉన్న రెండు చేలను ఊహించుకుందాం. ఒక్కొక్కటి నాలుగెకరాలు. రెండూ వాన మీద ఆధారపడిన మెట్ట భూములే. రెండిళ్లలోనూ కొడుకులు పట్నంలో పనిచేస్తూ నెలనెలా డబ్బు పంపుతున్నారు. మొదటి చేలో మూడేళ్ల జామాయిల్ తోట వరుసలు తీరి నిలబడి ఉంది. రెండో చేనును సర్కారు తుమ్మ కమ్మేసింది. గట్టు ఎక్కడుందో కూడా తెలియడం లేదు.

నేల ఒకటే, వాన ఒకటే, రెండిళ్లకూ బయటి సంపాదన ఉంది. అయినా ఒక కుటుంబం చెట్ల మీద పెట్టుబడి పెట్టింది, మరో కుటుంబం భూమిని వదిలేసింది. ఎందుకిలా?

ఇది కేవలం రెండిళ్ల సంగతి కాదు. దేశంలో చెట్ల విస్తీర్ణం పెంచాలన్నా, కలప దిగుమతులు తగ్గించాలన్నా, వాతావరణ మార్పును తట్టుకోవాలన్నా ప్రభుత్వ అడవులు ఒక్కటే సరిపోవు. రైతుల పొలాల్లో, గట్ల మీద, ఊరి ఉమ్మడి భూముల్లో కూడా చెట్లు పెరగాలి. వాటిని పెంచవలసిన కుటుంబాల్లో పనిచేసే వయసు వాళ్లు ఏటా ఊరు దాటుతున్నారు. ఈ వలస చెట్లకు మేలా, కీడా? ఈ పాఠంలో ఆ ప్రశ్నను పరిశీలిద్దాం.

ముందుగా కొన్ని మాటలకు అర్థం

వ్యవసాయేతర ఉపాధి అంటే కుటుంబ సభ్యులు సొంత సేద్యం కాకుండా చేసే ఇతర పని. దగ్గరి పట్టణంలో దుకాణం, భవన నిర్మాణంలో కూలి, కర్మాగారంలో ఉద్యోగం, గల్ఫ్ ప్రయాణం, ప్రభుత్వ కొలువు, ఆటో నడపడం అన్నీ ఇందులోకి వస్తాయి.

చెట్ల పెంపకంలో పెట్టుబడి మూడు రూపాల్లో ఉంటుంది. మొక్కలు, ఎరువు, కంచె, కూలి కోసం పెట్టే డబ్బు మొదటిది. కుటుంబ సభ్యులు చేసే శ్రమ రెండోది. మూడోది కాలం. ఏటా పంట పండించుకోగల నేలను ఏళ్ల తరబడి చెట్లకు అప్పగించడం కూడా పెట్టుబడే. చాలామంది మొదటిదాన్నే లెక్కలోకి తీసుకుంటారు. చిన్న రైతుకు మాత్రం మిగతా రెండే భారం.

మన దేశంలో బయటి సంపాదన ఎంత ముఖ్యమో ఒక లెక్క చూద్దాం. జాతీయ గణాంక కార్యాలయం తన 77వ విడత సర్వేలో 2018-19 వ్యవసాయ సంవత్సరానికి వ్యవసాయ కుటుంబాల ఆదాయాన్ని అంచనా వేసింది. ఒక కుటుంబానికి సగటు నెలసరి ఆదాయం 10,218 రూపాయలు. అందులో పంటల ద్వారా వచ్చింది 3,798 రూపాయలు. కూలి, జీతాల ద్వారా వచ్చింది 4,063 రూపాయలు. మిగిలింది పశువులు, చిన్న వ్యాపారాలు, కౌలుకిచ్చిన భూమి నుంచి వచ్చింది. కూలి అనే పద్దులో ఇతరుల పొలాల్లో చేసిన పని కూడా ఉందన్నది నిజమే. అయినా సొంత పంట కంటే కూలి, జీతాలే ఎక్కువ ఆదాయం ఇస్తున్నాయన్నది గమనించవలసిన విషయం. రైతు కుటుంబం అనగానే సేద్యం మీదే బతికే కుటుంబం అనుకోవడానికి ఇక వీలులేదు.

రెండు ఎదురు శక్తులు: డబ్బు, చేతులు

ఇంట్లో ఒకరు బయటికి వెళ్లి సంపాదిస్తే పొలం మీద రెండు ప్రభావాలు ఒకేసారి పడతాయి. డబ్బు వస్తుంది. చేతులు తగ్గుతాయి. మొదటిది పెట్టుబడిని పెంచే శక్తి, రెండోది తగ్గించే శక్తి. ఓడెడ్ స్టార్క్, డేవిడ్ బ్లూమ్ అనే ఆర్థికవేత్తలు 1985లో ఈ ఆలోచనకు స్పష్టమైన రూపం ఇచ్చారు. వలస వెళ్లడం ఒక వ్యక్తి నిర్ణయం కాదని, అది కుటుంబం మొత్తం కలిసి వేసుకునే ఎత్తుగడ అని వారి వాదన. బ్యాంకు అప్పు, పంట బీమా సరిగా అందని చోట కుటుంబం తన మనిషిని బయటికి పంపి, ఆ రెండింటికీ బదులుగా అతని సంపాదనను వాడుకుంటుంది.

డబ్బు ప్రభావాన్ని ఒక చిన్న లెక్కతో అర్థం చేసుకుందాం. ఇవి ఉదాహరణ కోసం తీసుకున్న అంకెలు మాత్రమే. ఒక రైతు తోట మీద ఈరోజు 10,000 రూపాయలు ఖర్చు పెడితే నాలుగేళ్ల తర్వాత 18,000 రూపాయలు చేతికి వస్తాయనుకుందాం. ఆ పదివేలను ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి ఉంటే, ఏడాదికి 24 శాతం పడుతుంది. ఏటా వడ్డీని అసలులో కలుపుకుంటూ పోతే నాలుగేళ్లకు తీర్చవలసింది సుమారు 23,640 రూపాయలు. అంటే తోట బాగా పెరిగినా రైతుకు నష్టమే. ఇప్పుడు అదే పదివేలు కొడుకు జీతంలోంచి మిగిలిన సొమ్ము అనుకోండి. అది బ్యాంకులో ఏడు శాతం వడ్డీకి ఉంటే నాలుగేళ్లకు సుమారు 13,100 రూపాయలు అయ్యేది. తోట 18,000 ఇస్తుంది కాబట్టి చెట్లు నాటడమే లాభం.

చెట్టు, ఖర్చు, రాబడి ఏవీ మారలేదు. డబ్బు ఎక్కడినుంచి వచ్చిందన్నది ఒక్కటే మారింది. చెట్ల పెంపకానికి కావలసింది ఓపిక అంటారు. ఆ ఓపిక మనిషి స్వభావంలో కంటే అతని వడ్డీ లెక్కలో ఎక్కువగా ఉంటుంది.

బయటి సంపాదన మరో మేలు కూడా చేస్తుంది. ప్రతి ఏడూ పంట డబ్బుతోనే ఇల్లు గడవాలంటే నాలుగేళ్లు ఎదురుచూడటం కుదరదు. నెలనెలా జీతం వచ్చే ఇంటికి ఆ బెంగ ఉండదు. అప్పుడు చెట్టు దాచుకున్న సొమ్ములా మారుతుంది. పెళ్లి, వైద్యం, చదువు లాంటి పెద్ద ఖర్చు వచ్చినప్పుడు నరికి అమ్ముకోవచ్చు. పేద కుటుంబాలకు చెట్లు పొదుపుగా, భద్రతగా ఎలా ఉపయోగపడతాయో రాబర్ట్ ఛాంబర్స్, మెలిస్సా లీచ్ 1989లోనే ఒక పరిశోధన పత్రంలో వివరించారు.

చేతులు తగ్గితే ఏమవుతుంది?

చెట్ల తోటకు పని తక్కువ అని అందరూ అంటారు. ఆ మాట సగమే నిజం. పని మొత్తం తక్కువే కానీ, అది కొన్ని రోజుల్లో పోగుపడి వస్తుంది. తొలకరికి ముందే గుంతలు తీయాలి. వాన పడగానే మొక్కలు నాటాలి. చనిపోయిన మొక్కల చోట మళ్లీ నాటాలి. మొదటి రెండేళ్లు కలుపు తీయాలి, మేకల నుంచీ పశువుల నుంచీ కాపాడాలి, నీటి వసతి ఉంటే ఎండాకాలం తడి ఇవ్వాలి, వేసవికి ముందు ఎండు గడ్డిని తొలగించి నిప్పు పాకకుండా బాటలు తీయాలి. కొమ్మలు కలిసి నీడ పరుచుకున్నాక పని బాగా తగ్గిపోతుంది. మళ్లీ నరికే సమయంలోనే చేతులు కావాలి. జామాయిల్, సుబాబుల్ లాంటి వాటిలో నరికాక మోడు నుంచి పిలకలు వస్తాయి. వాటిలో బలమైన ఒకటి రెండు ఉంచి మిగతావి తీసేయాలి.

కాబట్టి మనుషులు ఎప్పుడు దూరమయ్యారన్నది ముఖ్యం. మొదటి రెండేళ్లు ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉంటే ఆ తర్వాత తోట చాలావరకు తన కాళ్ల మీద తాను నిలబడుతుంది. ఆ రెండేళ్లలోనే ఇంట్లో మనిషి లేకపోతే నాటిన డబ్బంతా మేకల పాలవుతుంది.

ఇక్కడినుంచి ఈ పాఠంలోని ముఖ్యమైన ఆలోచనకు వద్దాం. ఒక భూమిని మూడు మెట్లుగా చూడవచ్చు. పై మెట్టు పంట. పత్తి, మిరప, వరి లాంటి వాటికి ఏటా ఎన్నో పనిదినాలు కావాలి. నడిమి మెట్టు తోట. దానికి శ్రమ తక్కువ, డబ్బూ కాలమూ ఎక్కువ. కింది మెట్టు బీడు. దానికి ఏమీ అక్కర్లేదు. ఇంట్లో పనిచేసే చేతులు తగ్గేకొద్దీ భూమి పై మెట్టు నుంచి కిందికి దిగుతుంది. అది తోట దగ్గర ఆగుతుందా, బీడు దాకా జారుతుందా అన్నదే అసలు ప్రశ్న. వలస చెట్లను పెంచుతుందనేవాళ్లు మొదటి అడుగును చూస్తున్నారు. వలస భూమిని పాడుపెడుతుందనేవాళ్లు రెండో అడుగును చూస్తున్నారు. ఇద్దరూ చూస్తున్నది ఒకే దారిని.

భూమి నడిమి మెట్టు మీద ఆగిన సందర్భాలు చాలా ఉన్నాయి. కెన్యాలోని మురంగా ఎత్తైన ప్రాంతంలో చిన్న రైతులు తుమ్మ జాతికి చెందిన వాటిల్ చెట్లను పెంచడాన్ని పీటర్ డ్యూయీస్ అధ్యయనం చేశారు. మగవాళ్లు పట్టణాలకు వెళ్లి పని చేతులు కొరవడిన ఇళ్లకు తక్కువ శ్రమ అడిగే చెట్లు అనువుగా కుదిరాయని ఆయన గమనించారు.

మన దేశంలో 1980లలో పంజాబ్, హర్యానా, పశ్చిమ ఉత్తరప్రదేశ్ రైతులు యూకలిప్టస్ వైపు పెద్ద ఎత్తున మళ్లారు. ఈ పరిణామాన్ని లోతుగా పరిశీలించిన ఎన్.సి. సక్సేనా, ఊళ్లో ఉండని భూయజమానులకు కూలీల మీద అజమాయిషీ తప్పించుకునే మార్గంగా కూడా చెట్లు పనికివచ్చాయని చూపించారు. అయితే అందరూ ఒకేసారి నాటడంతో ఆ దశాబ్దం చివరికల్లా కలప ధర పడిపోయింది. చాలామంది చెట్లు పెకలించి తిరిగి పంటలు వేశారు. అంటే శ్రమ లెక్క కుదిరితే చాలదు, కొనేవాడు కూడా ఉండాలి.

చైనా: హక్కు చేతికి వచ్చాక

ఈ విషయం మీద ప్రపంచంలో అత్యధికంగా అధ్యయనాలు జరిగిన దేశాల్లో చైనా ఒకటి. అందుకు రెండు కారణాలున్నాయి. ఊళ్లు వదిలి లేదా ఊరి దగ్గరే వ్యవసాయేతర పనుల్లో ఉన్న గ్రామీణ కార్మికులు అక్కడ 30 కోట్లకు దగ్గరగా ఉన్నారు. పైగా ఆ దేశపు అటవీ భూమిలో సుమారు 60 శాతం గ్రామ సమష్టి యాజమాన్యంలో ఉంది. ఆ అడవిని ఎవరూ తనదిగా భావించకపోవడంతో ఎవరూ పెట్టుబడి పెట్టేవారు కాదు. 2003లో ఫుజియన్ లాంటి రాష్ట్రాల్లో ఒక సంస్కరణ మొదలైంది. 2008లో దేశమంతటికీ విస్తరించింది. భూమి సమష్టిదిగానే ఉంటుంది. దాన్ని వాడుకునే హక్కు, దాని మీది చెట్ల యాజమాన్యం కుటుంబాలకు దక్కుతాయి. ఒప్పందం కాలం 70 ఏళ్లు. హక్కు పత్రం కూడా ఇస్తారు.

హక్కు స్థిరపడితే బయటి సంపాదన అడవిలోకి ప్రవహిస్తుందని ఆశించారు. కొన్ని చోట్ల అలాగే జరిగింది. మరికొన్ని చోట్ల కుటుంబాలు శ్రమను పూర్తిగా తగ్గించేశాయి. చైనా అధ్యయనాలన్నింటికీ ఒకే సమాధానం రాలేదు. ఆ తేడాలను అర్థం చేసుకోవడానికి ఆదాయంలో బయటి పని వాటా ఎంత అన్నది ఒక ఆధారం. బయటి పని సేద్యానికి తోడుగా ఉన్నంతకాలం ఆ డబ్బు మొక్కలకు, ఎరువుకు, కూలీలకు చేరవచ్చు. కుటుంబం పూర్తిగా పట్నం జీతం మీదే బతకడం మొదలయ్యాక అడవి తుంట మీద ఆసక్తి సన్నగిల్లుతుంది. అప్పుడు దాన్ని ఇతరులకు అప్పగించే వీలుండాలి, లేకపోతే అది అలాగే పడి ఉంటుంది. చైనా ప్రభుత్వం తర్వాతి కాలంలో యాజమాన్యం, ఒప్పంద హక్కు, నిర్వహణ హక్కు అని మూడింటిని విడదీయడం వెనుక ఉద్దేశం ఇదే. కుటుంబం తన హక్కు పోగొట్టుకోకుండానే నిర్వహణను మరొకరికి ఇవ్వవచ్చు.

ఏ చెట్టు అన్నది కూడా ముఖ్యమే. దక్షిణ చైనాలో విస్తారంగా పెరిగే మోసో వెదురు తరచూ పని అడుగుతుంది. వెదురు కొమ్ములు తవ్వాలి, ముదిరిన బొంగులు నరకాలి. అక్కడి చైనీస్ ఫర్ చెట్లు నాటి నిలదొక్కుకున్నాక ఏళ్ల తరబడి ఎదురుచూసినా సరిపోతుంది. చేతులు తగ్గిన ఇంట్లో వెదురు వనం ముందుగా దెబ్బతింటుంది.

నేపాల్, ఉత్తరాఖండ్: పచ్చదనమంతా పెట్టుబడి కాదు

చైనాలో హక్కు కుటుంబాలకు చేరింది. మన పొరుగున ఉన్న నేపాల్‌లో అది ఊరికి చేరింది. అక్కడ 1993 నాటి అటవీ చట్టం ఊరి అడవుల నిర్వహణను స్థానిక వినియోగదారుల సంఘాలకు అప్పగించింది. ఇప్పుడు అలాంటి సంఘాలు 22,000కు పైగా ఉన్నాయి. అదే కాలంలో లక్షలమంది యువకులు గల్ఫ్ దేశాలకు, మలేసియాకు, భారత్‌కు పనికి వెళ్లారు. వారు పంపే డబ్బు దేశ స్థూల ఉత్పత్తిలో సుమారు నాలుగో వంతు. ఉపగ్రహ చిత్రాల ఆధారంగా చేసిన అధ్యయనం ప్రకారం నేపాల్ అటవీ విస్తీర్ణం 1992లో 26 శాతం ఉంటే 2016 నాటికి 45 శాతానికి చేరింది.

ఇందులో సంఘాల కాపలా పాత్ర పెద్దది. వలస కూడా తోడైంది. కొండవాలు పొలాలు దున్నే మనుషులు తగ్గారు, పశువుల మంద చిన్నదైంది, పంపిన డబ్బుతో కొన్ని ఇళ్లకు గ్యాస్ వచ్చి వంటచెరకు వాడకం తగ్గింది. ఎవరూ నాటకుండానే విత్తనాలు మొలిచాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఉపగ్రహం పైనుంచి చూస్తే నాటిన తోటా, వదిలేసిన పొలంలో మొలిచిన పొదా రెండూ పచ్చగానే కనిపిస్తాయి. మొదటిది పెట్టుబడి, రెండోది గైర్హాజరు. ఒక దేశంలో చాలాకాలం తగ్గుతూ వచ్చిన అడవి మళ్లీ పెరగడం మొదలయ్యే మలుపును భౌగోళిక శాస్త్రవేత్త అలెగ్జాండర్ మాథర్ 1992లో అడవి పరివర్తన అన్నారు. థామస్ రూడెల్, ఆయన సహచరులు 2005లో దానికి రెండు దారులు చూపించారు. మొదటి దారిలో పట్టణాల్లో పని పెరిగి జనం పొలాలు వదిలేస్తే అక్కడ అడవి దానంతటదే మొలుస్తుంది. రెండో దారిలో కలప కొరత వల్ల ధర పెరిగి జనం పూనుకుని చెట్లు నాటుతారు. మొదటి దారిలో మనుషులు దూరమవుతారు, రెండో దారిలో దగ్గరవుతారు.

మొదటి దారిలోని ఇబ్బంది ఉత్తరాఖండ్‌లో కనిపిస్తుంది. అక్కడి వలస కమిషన్ 2018లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2011 తర్వాత 734 ఊళ్లు పూర్తిగా ఖాళీ అయ్యాయి. సాగు ఆగిన మెట్ల పొలాల్లోకి పొదలు, చీర్ పైన్ చెట్లు వచ్చాయి. పైన్ ఆకులు ఎండి నేల మీద మందంగా పరుచుకుంటాయి. వేసవిలో నిప్పు రవ్వ పడితే వేగంగా అంటుకుంటాయి. ఒకప్పుడు ఆ ఆకులు పోగుచేసి పశువుల పాకల్లో పరిచే మనుషులు, మంట కనిపిస్తే పరుగెత్తి ఆర్పే మనుషులు ఊళ్లో ఉండేవారు. 1931 నుంచి చట్టబద్ధంగా నడుస్తున్న వన పంచాయతీలు ఆ రాష్ట్రానికి గర్వకారణం. కానీ పంచాయతీ నడవాలంటే ఊళ్లో మనుషులుండాలి.

మన దేశపు పొలాలు, మన తెలుగు ఊళ్లు

రూడెల్ చెప్పిన రెండో దారికి భారతదేశం మంచి ఉదాహరణ. ఆండ్రూ ఫాస్టర్, మార్క్ రోజెన్‌జ్వైగ్ అనే ఆర్థికవేత్తలు మన గ్రామాల సమాచారాన్ని దాదాపు మూడు దశాబ్దాల కాలానికి పరిశీలించి 2003లో ఒక పత్రం ప్రచురించారు. ఆదాయం పెరిగేకొద్దీ కలప, వంటచెరకు, ఇతర అటవీ ఉత్పత్తులకు గిరాకీ పెరగడం అడవి విస్తరణకు ముఖ్య కారణమని వారు తేల్చారు. కూలి రేట్లు పెరగడం వల్ల, పంట దిగుబడి పెరగడం వల్ల అడవి పెరిగిందనడానికి వారికి బలమైన ఆధారం దొరకలేదు. అంటే మనుషులు వెళ్లిపోయినంత మాత్రాన చెట్లు రావు, చెట్టుకు విలువ ఉంటే వస్తాయి.

తెలుగు రాష్ట్రాల్లో ఆ విలువను కాగితపు మిల్లులు, సరుగుడు కర్రల వ్యాపారం కల్పించాయి. భద్రాచలం దగ్గర సారపాకలోని మిల్లు మంచి చెట్ల నుంచి ఎంపిక చేసిన క్లోన్ జామాయిల్ మొక్కలను రైతులకు అందిస్తూ వచ్చింది. ప్రకాశం, కృష్ణా ప్రాంతాల్లో సుబాబుల్, కోస్తా ఇసుక నేలల్లో సరుగుడు రైతులకు తెలిసిన పంటలయ్యాయి. ఇవన్నీ కొద్ది ఏళ్లలోనే కోతకు వస్తాయి. బయట పనిచేసే కుటుంబానికి ఇలాంటి చెట్లు నచ్చడంలో ఆశ్చర్యం లేదు. టేకు, ఎర్రచందనం లాంటివి దశాబ్దాలు తీసుకుంటాయి, నరకడానికీ తరలించడానికీ అనుమతులు కావాలి.

అయితే మన దగ్గర కౌలు అనే అడ్డంకి ఉంది. యజమాని హైదరాబాద్‌లోనో విదేశంలోనో ఉంటాడు. భూమిని కౌలు రైతు సాగు చేస్తాడు. ఆంధ్రప్రదేశ్ 2019లో తెచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం ఒప్పందం 11 నెలలకు ఉంటుంది. పదకొండు నెలల హక్కుతో ఎవరూ నాలుగేళ్ల చెట్టు నాటరు. డబ్బున్న యజమాని ఊళ్లో లేడు, ఊళ్లో ఉన్న రైతుకు నాటే హక్కు లేదు. మరో వైపు, కౌలుకిస్తే భూమి మీద హక్కు అడుగుతారేమోనన్న భయంతో యజమానులే చెట్లు పెట్టించే సందర్భాలూ ఉన్నాయి. అప్పుడు తోట పెరుగుతుంది కానీ ఆ భూమి మీద బతికే కౌలు రైతు, కూలీ దాన్ని పోగొట్టుకుంటారు. చెట్ల లెక్కలో లాభంగా కనిపించేది పక్క ఇంటి లెక్కలో నష్టం కావచ్చని మరచిపోకూడదు.

ఇంకో ప్రమాదం తుఫాను. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కొబ్బరికి, జీడికి పేరుపొందింది. అక్కడినుంచి పనికోసం దూరప్రాంతాలకు వెళ్లే వాళ్లూ ఎక్కువే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు ఏళ్ల తరబడి పెంచిన తోటలు ఒక్క రాత్రిలో కూలిపోయాయి. పంట పోతే మరుసటి ఏడు మళ్లీ వేసుకోవచ్చు. కొబ్బరి మొక్క మళ్లీ కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. అన్నాళ్లు ఇల్లు గడిపేది బయటి సంపాదనే. చెట్టు నాటడానికే కాదు, పోయిన చెట్టు స్థానంలో మళ్లీ నాటే ధైర్యానికి కూడా ఆ డబ్బు అవసరం.

ఎవరు వెళ్లారు, ఎంత దూరం వెళ్లారు?

బయటి పని అనగానే అన్నీ ఒకటే కావు. దగ్గరి పట్టణానికి రోజూ వెళ్లి వచ్చే మనిషి సాయంత్రం తోట చూసుకోగలడు. పంటలు లేని కాలంలో ఇటుక బట్టీలకు, నిర్మాణ పనులకు వెళ్లే కుటుంబం వానాకాలానికి తిరిగి వస్తుంది. కానీ ఆ సంపాదన చాలావరకు అప్పు తీర్చడానికి, తిండికే సరిపోతుంది. పైగా వేసవిలో మొక్కను కాపాడవలసిన సమయంలోనే ఆ ఇల్లు తాళం వేసి ఉంటుంది. శాశ్వత ఉద్యోగి దగ్గర డబ్బు ఉంటుంది, కానీ మనసు క్రమంగా పట్నంలో ఇంటి స్థలం వైపు మళ్లుతుంది. గల్ఫ్ వెళ్లిన మనిషి మళ్లీ వస్తాడు కాబట్టి తిరిగి వచ్చాక చూసుకోవచ్చనే ఆశతో తోట పెట్టవచ్చు.

వెళ్లేది ఎక్కువగా మగవాళ్లే కావడంతో తోట భారం ఇంట్లోని ఆడవాళ్ల మీద, ముసలివాళ్ల మీద పడుతుంది. పని ఆమెది, పట్టాదారు పాసుపుస్తకం మాత్రం భర్త పేరునో మామగారి పేరునో ఉంటుంది. మొక్కల పథకంలో పేరు నమోదుకు, బ్యాంకు రుణానికి, కలప అమ్మకానికి ఆ సంతకం కావాలి. దుబాయ్‌లో ఉన్న సంతకం కోసం చాలా పనులు ఆగిపోతాయి.

శాస్త్రవేత్తలు దీన్ని ఎలా తేలుస్తారు?

బయటి ఆదాయం ఉన్న ఇళ్లలో చెట్లు ఎన్ని, లేని ఇళ్లలో ఎన్ని అని లెక్కపెట్టి పోల్చితే సరిపోదా? సరిపోదు. రెండు చిక్కులున్నాయి.

మొదటిది, ఆ ఇళ్లు ముందునుంచే వేరుగా ఉండవచ్చు. ఎక్కువ భూమి, చదువు, పరిచయాలు ఉన్న కుటుంబానికి ఉద్యోగమూ తేలికగా దొరుకుతుంది, తోట పెట్టే స్తోమతా ఉంటుంది. అప్పుడు తోటకు కారణం ఉద్యోగం అనుకుంటే పొరపాటు. రెండోది, కారణం తలకిందులు కావచ్చు. ముందు తోట పెట్టడం వల్ల పని తగ్గి, ఆ తీరికతో మనిషి పట్నం వెళ్లి ఉండవచ్చు.

అందుకే పరిశోధకులు ఒకే కుటుంబాన్ని ఏళ్ల తరబడి పదేపదే సర్వే చేస్తారు. లేదా కుటుంబ స్తోమతతో సంబంధం లేకుండా వలసను మాత్రమే ప్రభావితం చేసే అంశం కోసం వెతుకుతారు. ఉదాహరణకు ఆ ఊరివాళ్లు గతంలో ఏ నగరానికి ఎక్కువగా వెళ్లారు, ఆ నగరంలో ఇప్పుడు పనులు పెరిగాయా, తగ్గాయా అన్నది చూస్తారు. ఇలా చేసినా డబ్బు, శ్రమ, కాలం మూడింటినీ విడివిడిగా కొలవకపోతే ఫలితం తప్పుదారి పట్టిస్తుంది. ఇంటివాళ్ల పనిదినాలు మాత్రమే లెక్కపెడితే పెట్టుబడి తగ్గినట్టు తేలుతుంది. ఖర్చు మాత్రమే చూస్తే పెరిగినట్టు తేలుతుంది.

తలకిందుల దారి: చెట్టు వలసను ఆపగలదా?

కారణం తలకిందులు కావచ్చన్న విషయాన్ని ఉపయోగించుకున్న పథకం కూడా ఉంది. దక్షిణ గుజరాత్‌లోని వాంస్డా ప్రాంతంలో బైఫ్ అనే సంస్థ 1982లో వాడీ పద్ధతిని మొదలుపెట్టింది. గిరిజన కుటుంబం సుమారు ఒక ఎకరంలో మామిడి, జీడి లాంటి పండ్ల మొక్కలు, గట్టు చుట్టూ కలప, వంటచెరకు ఇచ్చే చెట్లు, వరుసల మధ్య పంటలు పెంచుతుంది. విధిలేక వెళ్లే వలసను తగ్గించడం దాని ఉద్దేశం. తర్వాత నాబార్డ్ ఆ పద్ధతిని తెలుగు రాష్ట్రాలతో సహా దేశంలోని అనేక గిరిజన ప్రాంతాలకు తీసుకెళ్లింది. మొక్కలు కాపుకు వచ్చేదాకా మొదటి ఏళ్లలో కుటుంబానికి అండగా ఉండటమే ఇందులో కీలకం. జీతం ఉన్న ఇంటికి కొడుకు పంపే డబ్బు చేసే పనిని, జీతం లేని ఇంటికి పథకం చేస్తుంది.

దీని నుంచి ఏం నేర్చుకోవాలి?

భారతదేశం 2014లో జాతీయ వ్యవసాయ అటవీ విధానాన్ని ప్రకటించింది. ఇలాంటి విధానం తెచ్చిన మొదటి దేశం మనదే. మొక్కల పంపిణీకి చాలా పథకాలు వచ్చాయి. కానీ పంచిన మొక్కల సంఖ్య ఒక్కటే చూస్తే మూడు మెట్ల దారిలో భూమి ఎక్కడ ఆగిందో తెలియదు. రెండో వేసవి తర్వాత ఎన్ని మొక్కలు బతికి ఉన్నాయన్నది అసలైన కొలత.

మనుషులు తగ్గిన ఊళ్లలో మొక్కతో పాటు సేవ కూడా అందాలి. గుంతలు తీసి, నాటి, రెండేళ్లు కాపాడే స్థానిక బృందాలు ఉంటే ఊళ్లో లేని కుటుంబం డబ్బిచ్చి పని చేయించుకోగలదు. ఊళ్లో ఉన్నవారికి అది ఉపాధి అవుతుంది. కౌలు రైతుకు చెట్టు కాలానికి సరిపడే ఒప్పందం, చెట్టు రాబడిలో వాటా ఉండాలి. ఇంట్లో ఉండి తోట చూసే మహిళ సంతకం చెల్లాలి. నరికే, తరలించే అనుమతులు ఊరి స్థాయిలోనే తేలికగా దొరకాలి.

మీ ఇంట్లో బయటి సంపాదన ఉండి, చెట్లు నాటాలనుకుంటే ముందు ఈ ప్రశ్నలు వేసుకోండి. మొదటి రెండు వేసవుల్లో తోట దగ్గర ఎవరుంటారు? పెట్టే డబ్బు మిగులు సొమ్మా, వడ్డీకి తెచ్చిందా? నాలుగైదేళ్లు ఆ నేల నుంచి ఏమీ రాకపోయినా ఇల్లు గడుస్తుందా? కలప కొనేవారు ఎంత దూరంలో ఉన్నారు? పత్రాలు ఎవరి పేరున ఉన్నాయి? ఇప్పుడు మొదట ఊహించుకున్న రెండు చేల వైపు మళ్లీ చూడండి. మొదటి ఇంట్లో తాతయ్య రెండేళ్లు మేకలను తోలుతూ కాపలా ఉన్నాడనుకోండి, రెండో ఇంటికి తాళం వేసి ఉందనుకోండి. వచ్చే జీతం ఒకటే అయినా, ఆ రెండు చేలు అలా ఎందుకు మారాయో అర్థమవుతుంది.

గుర్తుంచుకోవలసినవి

• బయటి ఉపాధి ఇంటికి డబ్బు తెస్తుంది, చేతులు తగ్గిస్తుంది. ఈ రెండింటిలో ఏది బలంగా ఉందన్నదాన్ని బట్టి చెట్ల పెట్టుబడి పెరుగుతుంది లేదా తగ్గుతుంది.
• శ్రమ తగ్గేకొద్దీ భూమి పంట నుంచి తోటకు, తోట నుంచి బీడుకు దిగవచ్చు. హక్కు, మార్కెట్, మొదటి రెండేళ్ల కాపలా ఉంటే తోట దగ్గర ఆగుతుంది.
• దానంతటదే మొలిచిన పచ్చదనాన్నీ, పూనుకుని పెంచిన తోటనూ ఒకటిగా లెక్కించకూడదు.
• దగ్గరి పని, కాలానుగుణ వలస, శాశ్వత ఉద్యోగం, విదేశీ ఉపాధి ఒక్కొక్కటి ఒక్కో విధంగా పనిచేస్తాయి.

చర్చించండి

1. మీ ఊళ్లో గత పదేళ్లలో పంట నుంచి తోటకు మారిన భూములు ఏవి, బీడుగా మారినవి ఏవి? ఆ కుటుంబాల మధ్య తేడా ఏమిటి?
2. పైన చూపిన వడ్డీ లెక్కలో తోట రాబడి 25,000 రూపాయలైతే, అప్పు తెచ్చిన రైతు నిర్ణయం మారుతుందా? కోత ఆరేళ్లకు వస్తే ఏమవుతుంది?
3. కౌలు భూమిలో చెట్లు పెంచాలంటే యజమానికి, కౌలు రైతుకు ఇద్దరికీ న్యాయంగా ఉండే ఒప్పందం ఎలా ఉండాలి?